వేర్‌హౌస్ డేటాను బ్లాగుకు చేర్చడం: జాపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్, రివర్స్ ఈటీఎల్‌లలో ఏది ఎవరికి?

బిగ్‌క్వెరీలోనో స్నోఫ్లేక్‌లోనో రెడ్‌షిఫ్ట్‌లోనో, అంటే సంస్థ డేటాను విశ్లేషణ కోసం ఒకచోట ఉంచే డేటా వేర్‌హౌస్‌లో, ఉన్న టేబుల్ నుంచి వరుసలు తీసి, ఒక్కో వరుసను వర్డ్‌ప్రెస్‌లో లేదా ఘోస్ట్‌లో ఒక్కో పోస్టుగా మార్చాలి. కోడ్ రాసేవారు బృందంలో లేరు, ఉన్నా వారికి తీరిక లేదు. ఇలాంటి స్థితిలో ఉండి, ఏ నో-కోడ్ సాధనం తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ పోలిక. అవసరాలు రకరకాలుగా ఉంటాయి. వారానికొకసారి గణాంకాల నివేదిక డ్రాఫ్ట్‌గా సిద్ధమైతే కొందరికి చాలు. మరికొందరు వేల ఉత్పత్తులకు విడివిడి పేజీలు సృష్టించి, అంకెలు మారినప్పుడల్లా వాటిని సవరిస్తూ ఉండాలి. మొదటి రకం వారికి దాదాపు ఏ సాధనమైనా సరిపోతుంది. రెండో రకం వారికి తప్పు సాధనం దొరికితే నెల తిరగకముందే నకిలీ పోస్టులూ, ఊహించని బిల్లూ రెండూ ఎదురవుతాయి.

జాపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n), వేర్‌హౌస్ నుంచి బయటి యాప్‌లకు డేటా పంపే రివర్స్ ఈటీఎల్ సాధనాలు, అన్నీ తమకు ఎన్ని వందల, వేల యాప్‌లతో కనెక్టర్లు ఉన్నాయో ముందుగా చెబుతాయి. ఆ సంఖ్యను బట్టి ఎంచుకోవద్దని నా సలహా. వేర్‌హౌస్ నుంచి వరుసను చదవడం, బ్లాగుకు పోస్టును పంపడం అందరూ చేస్తారు. ఏ వరుసను ఇప్పటికే పంపామో ఎవరు గుర్తుపెట్టుకుంటారు, ప్రతి తనిఖీకీ ఎవరి బిల్లు పెరుగుతుంది అన్న రెండు ప్రశ్నల దగ్గరే అవి విడిపోతాయి.

## ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది జ్ఞాపకం. వేర్‌హౌస్ అనేది సంఘటనలను పంపే యంత్రాంగం కాదు. కొత్త వరుస చేరిందని అది తనంతట తాను ఎవరికీ చెప్పదు. అందువల్ల ఆటోమేషన్ సాధనం కొంత వ్యవధికొకసారి క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) నడిపి, వచ్చిన వరుసల్లో కొత్తవేవో తేల్చుకోవాలి. ఈ తేల్చుకోవడాన్ని సాధనం లోపల జరగనివ్వవచ్చు, వేర్‌హౌస్‌లో ఒక టేబుల్‌లో రాసి ఉంచవచ్చు, లేదా ప్రతిసారీ బ్లాగునే అడగవచ్చు. బ్లాగును అడగడం పైకి తేలికగా కనిపిస్తుంది గాని అందులో ఒక చిక్కు ఉంది. వర్డ్‌ప్రెస్ రెస్ట్ ఏపీఐలో (బయటి సాధనాలు బ్లాగుతో మాట్లాడే మార్గంలో) స్లగ్ (పోస్టు వెబ్ చిరునామాలోని చివరి భాగం) ఆధారంగా పోస్టును వెతికితే, ప్రత్యేకంగా కోరకపోతే ప్రచురితమైన పోస్టులే వస్తాయి. నిన్న పంపిన పోస్టు ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంటే వెతుకులాటలో అది దొరకదు, సాధనం కొత్త పోస్టు సృష్టించేస్తుంది. అదే స్లగ్‌తో రెండోసారి వచ్చినందుకు వర్డ్‌ప్రెస్ అభ్యంతరం చెప్పదు. స్లగ్ చివర 2 అంకె తగిలించి నిశ్శబ్దంగా స్వీకరిస్తుంది. వెతికేటప్పుడు స్థితిని ‘ఎనీ’గా (any, ఏదైనా) ఇచ్చి, లాగిన్ వివరాలతో సహా అడిగితేనే డ్రాఫ్ట్‌లు కూడా కనిపిస్తాయి.

రెండోది ఖర్చు. ఇక్కడ రెండు మీటర్లు ఒకేసారి తిరుగుతుంటాయి: ఆటోమేషన్ సాధనానిది ఒకటి, వేర్‌హౌస్‌ది ఇంకొకటి. సాధనాల ధరల పట్టికలను పోల్చేవారు మొదటి మీటరునే చూస్తారు. తరచుగా తనిఖీ చేసే ఏర్పాటులో రెండోదే పెద్దది కావచ్చు.

మూడోది సవరణ, తొలగింపు. కొత్త వరుసను పోస్టుగా మార్చడం సులువు. వరుస మారితే పోస్టును సవరించాలంటే ఏ వరుస ఏ పోస్టుగా మారిందో ఎక్కడో రాసి ఉండాలి. వరుస తొలగిపోతే పోస్టును వెనక్కి తీయాలంటే, నిన్న ఉండి ఈరోజు లేనిదేదో తెలియాలి. మామూలు క్వెరీ ఉన్నవాటినే చూపిస్తుంది, లేనివాటిని చూపించదు.

నాలుగోది ప్రవేశ మార్గం. బిగ్‌క్వెరీని ఏపీఐ ద్వారా ఎక్కడి నుంచైనా చేరవచ్చు. రెడ్‌షిఫ్ట్ సాధారణంగా ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఉంటుంది, స్నోఫ్లేక్‌లో చాలా సంస్థలు నెట్‌వర్క్ పాలసీలు పెట్టుకుంటాయి. బయటి క్లౌడ్ సాధనం లోపలికి రావాలంటే దాని ఐపీ చిరునామాలను అనుమతించాలి. సంస్థలో భద్రత చూసేవారు దీనికి ఒప్పుకోకపోతే పోలిక అక్కడితోనే ముగిసి, సొంత సర్వర్‌పై నడిచే సాధనం ఒక్కటే మిగులుతుంది. అందుకే ఈ ప్రశ్నను మొదటి రోజే అడగడం మంచిది.

## వేర్‌హౌస్ మీటరు దగ్గర ఒక లెక్క

బిగ్‌క్వెరీ ఆన్‌-డిమాండ్ పద్ధతిలో ఎంత డేటా చదివితే అంతకు బిల్లు పడుతుంది. నెలకు మొదటి 1 టెబీబైట్ (1,024 గిబీబైట్లు) ఉచితం. మన క్వెరీ చదివే కాలమ్‌లన్నీ కలిపి 2 గిబీబైట్లు ఉన్నాయనుకుందాం. 15 నిమిషాలకొకసారి తనిఖీ అంటే రోజుకు 96 సార్లు, 30 రోజులకు 2,880 సార్లు. చదివే డేటా 5,760 గిబీబైట్లు, అంటే 5.6 టెబీబైట్లు. ఆ నెలంతా కొత్త వరుస ఒక్కటీ రాకపోయినా క్వెరీలు నడుస్తూనే ఉంటాయి. క్వెరీ చివర పది వరుసలే కావాలని లిమిట్ పెడితే ఖర్చు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. క్లస్టరింగ్ (సంబంధిత వరుసలను దగ్గరగా సర్దడం) చేయని టేబుల్‌పై లిమిట్ వల్ల చదివే డేటా తగ్గదు. కాలమ్‌లను తగ్గించడం, టేబుల్‌ను తేదీ ప్రకారం పార్టిషన్ చేసి (భాగాలుగా విడగొట్టి) కావలసిన తేదీలనే అడగడం తగ్గిస్తాయి. టేబుల్ మారకుండా అదే క్వెరీ మళ్లీ వస్తే బిగ్‌క్వెరీ సుమారు 24 గంటలపాటు పాత ఫలితాన్నే ఉచితంగా ఇస్తుంది. అయితే క్వెరీలో ప్రస్తుత సమయాన్ని అడిగే ఫంక్షన్ ఉంటే ఆ సౌకర్యం వర్తించదు. ‘గత గంటలో చేరినవి’ అని అడిగే క్వెరీలలో సాధారణంగా ఆ ఫంక్షన్ ఉంటుంది.

స్నోఫ్లేక్ లెక్క వేరు. అక్కడ చదివిన డేటాకు బదులు, వర్చువల్ వేర్‌హౌస్ అనే కంప్యూట్ యూనిట్ మేలుకుని ఉన్న సమయానికి క్రెడిట్లు ఖర్చవుతాయి. మేలుకున్న ప్రతిసారీ కనీసం 60 సెకన్లకు లెక్క పడుతుంది. ఎక్స్‌-స్మాల్ సైజుకు గంటకు 1 క్రెడిట్. ఆటో సస్పెండ్ (పని లేకుండా ఎంతసేపు గడిస్తే నిద్రపోవాలన్న సెట్టింగ్) 10 నిమిషాలుగా ఉన్నచోట, 15 నిమిషాలకొకసారి రెండు సెకన్ల క్వెరీ నడిపినా వర్చువల్ వేర్‌హౌస్ ప్రతిసారీ పది నిమిషాలకు పైగా మేలుకునే ఉంటుంది. అంటే రోజుకు 16 గంటలు, 16 క్రెడిట్లు. ఆటో సస్పెండ్‌ను 60 సెకన్లకు తగ్గిస్తే అదే పని సుమారు 2 క్రెడిట్లలో తేలిపోతుంది. ఒక్క సెట్టింగ్‌కు ఇంత తేడా ఉన్నప్పుడు, ఆటోమేషన్ కోసం విడిగా చిన్న వర్చువల్ వేర్‌హౌస్ పెట్టి, దానికి రిసోర్స్ మానిటర్ (క్రెడిట్ల ఖర్చుకు పరిమితి పెట్టే ఏర్పాటు) తగిలించడం ఏ సాధనం ఎంచుకున్నా చేయవలసిన పని. రెడ్‌షిఫ్ట్‌లో ఎప్పుడూ నడిచే క్లస్టర్ ఉన్నవారికి తనిఖీల వల్ల అదనపు ఖర్చు రాదు. సర్వర్‌లెస్ (వాడిన సమయానికే బిల్లు పడే రూపం) వాడేవారికి మాత్రం కనీసం 60 సెకన్ల లెక్క అక్కడా ఉంది.

## జాపియర్

2011లో మొదలైన జాపియర్‌లో అమరిక అన్నిటికన్నా త్వరగా పూర్తవుతుంది. ట్రిగ్గర్‌గా (పనిని మొదలుపెట్టే దశగా) వేర్‌హౌస్ క్వెరీ, యాక్షన్‌గా (ఆ తర్వాత చేసే పనిగా) బ్లాగులో పోస్టు సృష్టించడం. తెరపై అడిగినవి నింపుకుంటూ పోతే చాలు. దీని లెక్క యూనిట్ టాస్క్. విజయవంతంగా పూర్తయిన ప్రతి యాక్షన్ ఒక టాస్క్ అవుతుంది. ట్రిగ్గర్ చేసే తనిఖీలు లెక్కలోకి రావు. వాడుకరికి ఇది మేలుగానే కనిపిస్తుంది గాని, తనిఖీలు ఉచితం కాబట్టి వాటిని గురించి ఆలోచించడం మానేస్తాం. పైన చెప్పిన వేర్‌హౌస్ మీటరు చాటున పెరిగేది ఇక్కడే.

జ్ఞాపకం విషయంలో జాపియర్ ఒక గుర్తింపు కాలమ్‌ను ఆధారం చేసుకుంటుంది. ఆ కాలమ్‌లోని విలువ ఇంతకుముందు చూసినదైతే వరుసను వదిలేస్తుంది. దీని ఫలితాలు రెండు. ఆటోమేషన్‌ను ఆన్ చేసినప్పటికే టేబుల్‌లో ఉన్న వరుసలు చూసినవాటి కిందే లెక్క కాబట్టి అవి పోస్టులు కావు. పాత వరుసలను విడిగా పంపుకోవాలి. రెండోది, వరుసలో అంకె మారినా గుర్తింపు మారలేదు కాబట్టి సవరణ బ్లాగుకు చేరదు. గుర్తింపునూ, చివరిసారి మారిన సమయాన్నీ కలిపి ఒకే కాలమ్‌గా క్వెరీలో తయారుచేస్తే సవరణలు కూడా వస్తాయి. అప్పుడు సృష్టించాలా సవరించాలా అని తేల్చడానికి బ్లాగులో వెతికే దశ ఒకటి చేర్చాలి, ఆ దశ కూడా టాస్కే.

ఒకే తనిఖీలో వంద, అంతకు మించి కొత్త వరుసలు వస్తే జాపియర్ వాటిని ఆపి ఉంచి మన అనుమతి కోసం చూస్తుంది. దీన్ని అడ్డంకి అనేవారున్నారు. పొరపాటు క్వెరీ ఒకటి బ్లాగు మీదికి వేల పోస్టులను వదలకుండా ఆపేది ఇదే కాబట్టి నేను దీన్ని మంచి గుణంగానే లెక్కేస్తాను.

## మేక్

ఇంటిగ్రోమాట్ పేరుతో చెక్ రిపబ్లిక్‌లో పుట్టి, 2022లో మేక్‌గా మారిన ఈ సాధనంలో ప్రవాహం మొత్తం బొమ్మగా కనిపిస్తుంది. వేర్‌హౌస్ నుంచి వచ్చిన ప్రతి వరుస ఒక బండిల్. తర్వాతి మాడ్యూల్ ప్రతి బండిల్‌కూ ఒకసారి నడుస్తుంది. అలా నడిచిన ప్రతిసారీ లెక్క పడుతుంది. దాన్ని మొదట్లో ఆపరేషన్ అనేవారు, 2025 నుంచి క్రెడిట్లలో చెబుతున్నారు. జాపియర్‌కూ దీనికీ ముఖ్యమైన తేడా ఏమిటంటే ఇక్కడ ఖాళీ తనిఖీకి కూడా లెక్క పడుతుంది. 15 నిమిషాలకొకసారి చూసే ప్రవాహానికి కొత్త వరుసలేవీ రాకపోయినా నెలకు 2,880 క్రెడిట్లు ఖర్చవుతాయి. తనిఖీలు తగ్గించుకోవాలని మొదటి వారంలోనే తెలిసిపోతుంది, దాంతో వేర్‌హౌస్ బిల్లు కూడా అదుపులో ఉంటుంది.

మేక్ బలమంతా తప్పులను సంభాళించడంలో ఉంది. యాభై వరుసల్లో ముప్ఫయ్యోది పంపేటప్పుడు బ్లాగు సర్వర్ స్పందించలేదనుకుందాం. ఆ వరుసను వదిలి ముందుకు పోవాలా, పక్కన పెట్టి కాసేపటికి మళ్లీ ప్రయత్నించాలా, అంతా ఆపాలా అనేది మాడ్యూల్ వారీగా నిర్ణయించవచ్చు. వరుస గుర్తింపుకూ పోస్టు గుర్తింపుకూ జోడీని దాచుకోవడానికి లోపలే డేటా స్టోర్ ఉంది కాబట్టి వేర్‌హౌస్‌లో రాసే అనుమతి దొరకనివారికి ఇది అక్కరకొస్తుంది. ఇబ్బందల్లా నేర్చుకునే సమయంలో ఉంది. ఇటరేటర్ (జాబితాను విడివిడి బండిళ్లుగా చేసేది), అగ్రిగేటర్ (అనేక బండిళ్లను ఒకటిగా కలిపేది), రౌటర్ (ప్రవాహాన్ని వేర్వేరు దారుల్లోకి పంపేది) అనే మూడింటి తేడా తెలియకుండా కట్టిన ప్రవాహం ఒక్క పోస్టు రావలసినచోట యాభై పోస్టులు సృష్టించగలదు. వారపు నివేదికలాగా అనేక వరుసలను ఒకే పోస్టులో పట్టికగా కూర్చాలంటే అగ్రిగేటర్ తప్పనిసరి. ఆ పనికి మేక్ జాపియర్ కన్నా చక్కగా సరిపోతుంది.

## ఎన్‌ఎయిట్‌ఎన్

బెర్లిన్‌లో 2019లో మొదలైన ఎన్‌ఎయిట్‌ఎన్‌ను కంపెనీ క్లౌడ్‌లోనూ వాడుకోవచ్చు, సొంత సర్వర్‌పైనా నడుపుకోవచ్చు. క్లౌడ్‌లో లెక్క ఎగ్జిక్యూషన్‌కు; ప్రవాహం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిస్తే, అందులో మూడు వరుసలున్నా మూడు వేలున్నా, ఒకటే. వరుసలు ఎక్కువ, తనిఖీలు తక్కువ ఉన్నవారికి ఈ పద్ధతి అన్నిటికన్నా కలిసొస్తుంది.

రోజుకు 50 పోస్టులు, గంటకొక తనిఖీ, ప్రతి వరుసకూ మూడు దశలు (వెతకడం, పోస్టు చేయడం, పంపినట్టు రాయడం) అనుకుని 30 రోజులకు లెక్క వేస్తే: జాపియర్‌లో 4,500 టాస్కులు, మేక్‌లో తనిఖీలతో కలిపి 5,220, ఎన్‌ఎయిట్‌ఎన్‌లో 720 ఎగ్జిక్యూషన్లు. యూనిట్ ధరలు ఒకదానికొకటి సమానం కావు కాబట్టి ఈ సంఖ్యలను నేరుగా పోల్చకూడదు. పోస్టులు రెట్టింపైతే ఏది రెట్టింపవుతుందో, ఏది కదలదో చూడటమే ఇక్కడి ప్రయోజనం.

సొంత సర్వర్‌పై నడిపితే ఈ లెక్కలేవీ ఉండవు. దానికి బదులు సర్వర్ బాధ్యత మనదవుతుంది. అప్‌డేట్లు, బ్యాకప్‌లు మనమే చూసుకోవాలి. దాచిన లాగిన్ వివరాలను ఎన్‌ఎయిట్‌ఎన్ ఒక ఎన్‌క్రిప్షన్ కీతో భద్రపరుస్తుంది. డేటాబేస్ బ్యాకప్ ఉండి ఆ కీ పోతే ప్రవాహాలన్నీ తిరిగి వస్తాయి గాని ఒక్క కనెక్షన్ కూడా పనిచేయదు, అన్నిటినీ మళ్లీ కలుపుకోవాలి. ఆ కీని బ్యాకప్‌తో పాటు కాకుండా వేరేచోట దాచడం మొదటి రోజు పని. ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఉన్న రెడ్‌షిఫ్ట్‌ను బయటికి తెరవకుండా పోస్ట్‌గ్రెస్ నోడ్‌తో (ప్రవాహంలోని ఒక్కో దశను ఇక్కడ నోడ్ అంటారు) చేరగలగడం, వర్డ్‌ప్రెస్‌లో అదనపు ప్లగిన్ లేకుండా అప్లికేషన్ పాస్‌వర్డ్‌తోనే (బయటి సాధనం కోసం వర్డ్‌ప్రెస్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్) పనిచేయడం దీని అసలైన లాభాలు. లైసెన్సు సంస్థ లోపలి అవసరాలకు ఉచితంగా వాడుకోనిస్తుంది. దీన్నే ఇతరులకు సేవగా అమ్మాలనుకునేవారు మాత్రం నిబంధనలను చదువుకోవాలి.

## రివర్స్ ఈటీఎల్ సాధనాలు

హైటచ్ వంటివి పుట్టిందే వేర్‌హౌస్ నుంచి బయటి యాప్‌లకు డేటా పంపడానికి. ప్రైమరీ కీ (ప్రతి వరుసకూ ఉండే ప్రత్యేక గుర్తింపు) ఆధారంగా గత ఫలితాన్నీ ఇప్పటి ఫలితాన్నీ పోల్చి, చేరినవి, మారినవి, పోయినవి అని మూడు జాబితాలు తేలుస్తాయి. పైన చెప్పిన మూడో ప్రమాణంలో, ముఖ్యంగా తొలగింపు విషయంలో, మిగిలిన సాధనాలేవీ వీటి దరిదాపుల్లోకి రావు. అయితే ఇవి మార్కెటింగ్, అమ్మకాల యాప్‌లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. బ్లాగుకు పంపాలంటే చాలాసార్లు మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ (ఏదైనా వెబ్ చిరునామాకు నేరుగా పంపే అభ్యర్థన) గమ్యంతోనే సరిపెట్టుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో ‘ఉంటే సవరించు, లేకపోతే సృష్టించు’ అనే ఒకే పిలుపు లేదు. సృష్టించినప్పుడు వచ్చిన పోస్టు గుర్తింపును దాచుకుని తర్వాతి సవరణలో వాడాలి, ఆ పని ఈ సాధనాలలో ఇబ్బందిగా ఉంటుంది. అందువల్ల మార్పులను హైటచ్ కనిపెట్టి వెబ్‌హుక్‌కు (సమాచారం అందగానే ప్రవాహాన్ని మొదలుపెట్టే వెబ్ చిరునామాకు) పంపడం, అక్కడి నుంచి మేక్‌లోనో ఎన్‌ఎయిట్‌ఎన్‌లోనో పోస్టు చేయడం అనే జంట ఏర్పాటుకు వెళ్లవలసి వస్తుంది. వేలాది పేజీలు నిత్యం మారే చోట అది సమర్థనీయం. వారానికి పది పోస్టులకు అంత యంత్రాంగం అనవసరం.

## మధ్యలో స్ప్రెడ్‌షీట్

బిగ్‌క్వెరీ ఫలితాన్ని గూగుల్ షీట్‌లోకి తెచ్చి, కొత్త వరుస చేరగానే పోస్టు చేయడం మరో దారి. సంపాదకులకు వరుసలు కంటికి కనిపిస్తాయి, ‘సరే’ అని ఒక గడిలో రాసి ఆమోదించవచ్చు. షీట్ తిరిగి నిండినప్పుడు వరుసల స్థానాలు మారితే ట్రిగ్గర్లు గందరగోళపడతాయి కాబట్టి చివర చేర్చుకుంటూ పోయే షీట్‌లకే దీన్ని పరిమితం చేయాలి.

## పక్కపక్కన పెడితే

| ప్రమాణం | జాపియర్ | మేక్ | ఎన్‌ఎయిట్‌ఎన్ | రివర్స్ ఈటీఎల్ |
|---|---|---|---|---|
| పంపినవి గుర్తుండే తీరు | గుర్తింపు కాలమ్, సాధనం లోపల | డేటా స్టోర్ లేదా వేర్‌హౌస్ | నకిలీలను తీసే నోడ్ లేదా వేర్‌హౌస్ | గత ఫలితంతో పోలిక |
| ఖాళీ తనిఖీకి లెక్క | పడదు | పడుతుంది | క్లౌడ్‌లో షెడ్యూల్ ప్రకారం నడిస్తే పడుతుంది | ప్లాన్‌ను బట్టి |
| వరుసలు పెరిగితే ఖర్చు | పెరుగుతుంది | పెరుగుతుంది | పెరగదు | ప్లాన్‌ను బట్టి |
| తొలగింపును పట్టడం | మనం కట్టుకోవాలి | మనం కట్టుకోవాలి | మనం కట్టుకోవాలి | తనంతట తానే |
| సొంత వర్డ్‌ప్రెస్‌ను చేరడం | ప్లగిన్ | ప్లగిన్ లేదా హెచ్‌టీటీపీ | అప్లికేషన్ పాస్‌వర్డ్ | హెచ్‌టీటీపీ |
| సొంత సర్వర్‌పై నడపడం | కుదరదు | కుదరదు | కుదురుతుంది | సాధారణంగా కుదరదు |

## బ్లాగు వైపు నుంచి చూస్తే

సాధనాన్ని ఎంచుకునేటప్పుడు బ్లాగు వేదిక స్వభావాన్ని మరచిపోతే అమరిక సగంలో ఆగుతుంది. వర్డ్‌ప్రెస్‌లో పోస్టులకు రెస్ట్ ఏపీఐ 2016 చివర్లో వచ్చిన 4.7 నుంచీ, అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు 2020లో వచ్చిన 5.6 నుంచీ ఉన్నాయి. ఆటోమేషన్‌కు విడిగా ఒక యూజర్‌ను సృష్టించి, అడ్మిన్‌కు బదులు ఆథర్ పాత్ర ఇవ్వడం భద్రతకు సరైన పద్ధతి. ఆ పాత్రతో పంపిన పోస్టుల్లో ఐఫ్రేమ్‌లనూ (వేరే పేజీని లోపల చూపే చట్రాలు) స్క్రిప్టులనూ వర్డ్‌ప్రెస్ తీసేస్తుందని గుర్తుంచుకోవాలి. డాష్‌బోర్డు చార్ట్‌ను ఐఫ్రేమ్‌గా పొదిగిన పోస్టు ఏ తప్పూ చూపించకుండానే చార్ట్ లేకుండా వస్తే కారణం ఇదే. వర్గాలు, ట్యాగులు పేర్లతో కాక అంకెల గుర్తింపులతో పంపాలి. తేదీ సంగతి కూడా చూసుకోవాలి: బిగ్‌క్వెరీ టైమ్‌స్టాంప్‌లు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటాయి, వర్డ్‌ప్రెస్‌లో మామూలు తేదీ ఫీల్డు సైట్ స్థానిక సమయాన్ని ఆశిస్తుంది. యూటీసీ కోసం ఉన్న వేరే ఫీల్డులో పంపితే పోస్టులు కొన్ని గంటలు ముందుకూ వెనక్కూ జరగవు.

ఘోస్ట్‌లో సవరణ పంపేటప్పుడు పోస్టు చివరిసారి మారిన సమయాన్ని జతచేయాలి. ఈలోగా ఎవరైనా చేత్తో మార్చి ఉంటే ఘోస్ట్ సవరణను తిరస్కరిస్తుంది. అదనపు దశ అనిపించినా, సంపాదకుల శ్రమను కాపాడేది ఇదే. వర్డ్‌ప్రెస్‌లో ఆ రక్షణ లేదు. పాత రూపం రివిజన్లలో ఉంటుంది గాని, యంత్రం చేసిన సవరణ మనిషి దిద్దిన వాక్యాన్ని అడగకుండానే తుడిచేస్తుంది. నా దృష్టిలో దీనికి సరైన పరిష్కారం వచనాన్నీ అంకెలనూ విడదీయడం. వచనం ఎడిటర్‌లో మనుషుల చేతిలో ఉండాలి, అంకెలు కస్టమ్ ఫీల్డుల్లోకి (పోస్టుకు జతచేసే విడి గడుల్లోకి) వెళ్లాలి, థీమ్ రెండింటినీ కలిపి చూపాలి. ఆ ఫీల్డులు రెస్ట్ ఏపీఐకి కనిపించేలా సైట్‌లో ఒకసారి నమోదు చేయించాలి. ఆ ఒక్క పనికి డెవలపర్ సాయం అవసరం కావచ్చు, అయినా చేయించుకోదగినది.

బ్లాగర్‌కు ఏపీఐ ఉంది, చిన్న అవసరాలకు చాలు. మీడియం కొత్త అనుసంధాన టోకెన్లు ఇవ్వడం మానేసింది కాబట్టి దాన్ని గమ్యంగా పెట్టుకుని ఏ సాధనాన్నీ కొనవద్దు.

## ఏ సాధనమైనా సరే, ఉండవలసిన టేబుల్

పెద్ద టేబుల్ మీద సాధనాన్ని నేరుగా వదలకుండా, వేర్‌హౌస్‌లోనే షెడ్యూల్డ్ క్వెరీతో ఒక చిన్న పంపకాల టేబుల్ తయారుచేయడం నేను అందరికీ చెప్పే మాట. అందులో వరుస గుర్తింపు, స్లగ్, శీర్షిక, సిద్ధంగా కూర్చిన విషయం, ఆ విషయం తాలూకు ఎండీ5 హ్యాష్ (విషయం మారితే మారిపోయే చిన్న గుర్తు) ఉంటే చాలు. పక్కనే పంపినవాటి చిట్టా అనే మరో టేబుల్ పెట్టి, పోస్టు చేసిన ప్రతిసారీ వరుస గుర్తింపు, పోస్టు గుర్తింపు, హ్యాష్, సమయం చేర్చాలి. చిట్టాలో లేని గుర్తింపు కొత్త పోస్టు, ఉన్నా చివరి హ్యాష్ వేరైతే సవరణ, చిట్టాలో ఉండి పంపకాల టేబుల్‌లో లేకపోతే తొలగింపు. ఈ మూడూ ఒకే ఎస్‌క్యూఎల్ క్వెరీలో తేలిపోతాయి. జ్ఞాపకం వేర్‌హౌస్‌లోనే ఉంది కాబట్టి రేపు సాధనం మార్చినా ఏదీ పోదు.

ఖర్చు తేడా కూడా గమనించదగినదే. ముందటి ఉదాహరణలో 5.6 టెబీబైట్లయిన నెల తనిఖీలు, బిగ్‌క్వెరీ ఒక్కో టేబుల్‌కు లెక్కేసే కనీస పరిమాణం 10 మెగాబైట్లు కాబట్టి, రెండు చిన్న టేబుళ్లనూ చదివినా సుమారు 58 గిగాబైట్లకు దిగుతాయి. పెద్ద టేబుల్‌ను చదివేది రోజుకొకసారి నడిచే షెడ్యూల్డ్ క్వెరీ మాత్రమే.

చిట్టాలో పాత వరుసను సవరించకుండా కొత్త వరుస చేర్చమనడానికి కారణం ఉంది. నో-కోడ్ సాధనాలు బిగ్‌క్వెరీలో వరుసను తరచుగా స్ట్రీమింగ్ పద్ధతిలో (వచ్చిన వరుసను వచ్చినట్టే వెంటనే పంపుతూ) చేరుస్తాయి. అలా చేరిన వరుసను 30 నిమిషాల వరకూ అప్‌డేట్ చేయడానికి వీలుండదు. చేర్చిన వెంటనే స్థితిని మార్చబోయే ప్రవాహం అందుకే విఫలమవుతుంది.

## ఎవరికి ఏది

వారానికి కొన్ని పోస్టులు, అవీ డ్రాఫ్ట్‌లుగా, మనిషి చూశాకే ప్రచురించే చిన్న బృందానికి జాపియర్ సరిపోతుంది. తనిఖీ వ్యవధిని రోజుకొకసారి ఉండేలా షెడ్యూల్ ట్రిగ్గర్ పెట్టుకుంటే వేర్‌హౌస్ మీటరు బాధ కూడా తప్పుతుంది.

అనేక వరుసలను కూర్చి నివేదికలు రాసేవారికి, బ్లాగు సర్వర్ తరచుగా మొరాయించే చోట పనిచేసేవారికి మేక్ మేలు. సర్వర్ చూసుకునే మనిషి ఒక్కరున్నా, వేర్‌హౌస్‌ను బయటికి తెరవడానికి సంస్థ ఒప్పుకోకపోయినా, రోజువారీ పోస్టులు వందల్లో ఉన్నా నేను సంకోచం లేకుండా ఎన్‌ఎయిట్‌ఎన్ వైపు చూపిస్తాను. ఆ ఒక్క మనిషి లేనిచోట మాత్రం సొంత సర్వర్ జోలికి పోకపోవడమే మంచిది. దాని క్లౌడ్ రూపం ఉండనే ఉంది. ఇప్పటికే ఇతర పనులకు రివర్స్ ఈటీఎల్ కొనుక్కున్న డేటా బృందం దానికే బ్లాగును గమ్యంగా జోడించవచ్చు. కేవలం బ్లాగు కోసం కొత్తగా కొనడాన్ని నేను సమర్థించను.

పాఠకులకు కావలసింది తాజా అంకెలు చూడటమే అయితే పోస్టుల అవసరమే లేకపోవచ్చు. ఒక పేజీలో లుకర్ స్టూడియో చార్ట్ పొదిగితే ఆటోమేషన్, నకిలీలు, సవరణలు అన్న ప్రశ్నలే రావు. ప్రతి వరుసకూ సొంత చిరునామా ఉండి సెర్చ్‌లో దొరకాలన్నప్పుడే ఈ శ్రమంతా.

ఇంకా రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే, ట్రయల్ కాలంలో అయిదు వరుసల పరీక్షా టేబుల్‌తో, విడి పరీక్షా బ్లాగుతో రెండింటినీ ఇలా నడిపి చూడండి. మొదట అయిదింటినీ డ్రాఫ్ట్‌లుగా పంపండి. ఏమీ మార్చకుండా మళ్లీ నడపండి. ఆరో పోస్టు రాకూడదు. ఒక వరుసలో అంకె మార్చండి, మరో వరుసను తీసేయండి, మూడో వరుస తాలూకు డ్రాఫ్ట్‌లో చేత్తో ఒక వాక్యం చేర్చండి, తర్వాత నడపండి. చివరగా బ్లాగు పాస్‌వర్డ్‌ను రద్దు చేసి నడిపి, విఫలమైన సంగతి మీకు ఎంతసేపటికి, ఏ రూపంలో తెలిసిందో చూడండి. పాస్‌వర్డ్ తిరిగి ఇచ్చాక బ్లాగులో నాలుగు పోస్టులే ఉండి, మీరు చేర్చిన వాక్యం చెక్కుచెదరకుండా ఉంటే ఆ అమరికకు అసలు టేబుల్‌ను అప్పగించవచ్చు.